డొల్ల, డాంబికము

ఆంగ్లములోని ‘వానిటీ’ యను పదమునకు నేడు మనము గర్వమను అర్థమునే గ్రహించుచున్నాము గాని, పదమూడవ శతాబ్దిలో ఫ్రెంచి ద్వారమున అది ఇంగ్లండు చేరినపుడు దానికి డొల్లతనము, నిష్ప్రయోజకత్వము అనునవే అర్థములు. ఆత్మశ్లాఘ అటుపిమ్మట వచ్చి చేరినది. లాటినున ‘వానుస్’ అనగా రిక్తము. మన సంస్కృతపు ‘ఊన’ శబ్దమును ఆ ధాతువునుండియే పుట్టినదని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు గనుక, న్యూనతయు అహంకారమును ఏకోదరులని తేలుచున్నది. నిరుక్తము చదువని మన పెద్దలకును ఈ చుట్టరికము తెలియనిది కాదు!

ఈ రెండర్థములును ఒకే గడపలోపల కాపురముండిన చరిత్ర హైటెక్ సిటీకి కలదు. 1998 నవంబరు 22వ తేదీన ప్రధాని అటల్ బిహారీ వాజపేయి మాదాపూరు బండలనడుమ సైబర్ టవర్స్‌ను ప్రారంభించిరి. ఆ చేరువనే ఇన్ఫోసిటీ ప్రాంగణము గల సత్యం కంప్యూటర్స్, 1987లో బైర్రాజు రామలింగరాజు స్థాపించిన సంస్థ, తెలుగువారి ప్రతిభకు పతాకమై నిలిచినది. 2008లో దానికి సుపరిపాలనకుగాను ‘గోల్డెన్ పీకాక్’ బహుమానము సయితము లభించెను. పురి విప్పిన నెమలికంటె తగిన గుర్తు ఆ సంవత్సరమున మరొకటి దొరకదు.

2009 జనవరి 7న రాజుగారు డైరెక్టర్లకు వ్రాసిన లేఖలో, గత సెప్టెంబరు 30 నాటి పద్దులలో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్లు లేనేలేవని ఒప్పుకొనిరి. ఆ త్రైమాసికమున 61 కోట్ల లాభమును 649 కోట్లుగా చూపినారట. దొంగ ఇన్‌వాయిసులు, దొంగ డిపాజిట్ రసీదులు దీనికి సాధనములు. ఘనత చాటుటకు చేర్చిన అంకె మరునాటి లోటై, ఆ లోటును కప్పుటకు మరింత ఘనత చాటవలసివచ్చెను. తుదకు ఆ గోతిని నిజమైన ఆస్తులతో పూడ్చుటకై, ఆ లేఖకు ముందటి డిసెంబరు 16న, కుటుంబమువారి మేటాస్ సంస్థలను 160 కోట్ల డాలర్లకు కొనబోగా వాటాదారులు తిరుగబడిరి. ‘మేటాస్’ అనగా ఆంగ్లాక్షరములలో ‘సత్యం’ను తలక్రిందులుగా చదివిన పేరే, ఇంతటి నిష్కాపట్యము పద్దులలో కనబడలేదు.

బహుమానమును ఇచ్చినవారే వెనుకకు తీసికొనిరి. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక న్యాయస్థానము రాజుగారికిని, మరి తొమ్మండుగురికిని ఏడేండ్ల శిక్ష విధించగా, మరుమాసమున పై న్యాయస్థానము దానిని నిలిపి జామీనిచ్చెను.

అయినను సంస్థ యంతయు డొల్ల యనుట అన్యాయము. ఇంజనీర్లు వ్రాసిన ప్రోగ్రాములును, వాటికి సొమ్ము చెల్లించిన విదేశీ ఖాతాదారులును నిజమే. కనుకనే 2009 ఏప్రిలులో టెక్ మహీంద్రా దానిని కైవసము చేసికొని, 2013లో తనలో విలీనము గావించుకొనెను.