పది గ్రాముల దారం

తుప్పు పట్టిన తాళం ఎంత తిప్పినా రాలేదు. డాక్టర్ పాల్ బ్రాండ్ అవస్థ చూసి పక్కనున్న పదేళ్ల కుర్రాడు ముందుకొచ్చాడు. కుష్ఠు రోగి, బక్క ప్రాణం. ఒక్క తిప్పుతో తీసేశాడు. అంత బలం ఎక్కడిదా అని బ్రాండ్ ఆశ్చర్యపోతుండగానే నేల మీద నెత్తురు చుక్క కనిపించింది. తాళంచెవి కుర్రాడి వేలిని ఎముక దాకా కోసేసింది. వాడికి ఆ సంగతే తెలియదు.

ఈ కథ చెప్పింది బ్రాండే. కొల్లి కొండల్లో మిషనరీల ఇంట పుట్టి, 1946లో రాయవెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో చేరిన ఇంగ్లిషు సర్జన్ ఆయన. కుష్ఠు వస్తే వేళ్లు వాటంతటవే కుళ్లి రాలిపోతాయని అప్పట్లో అంతా నమ్మేవారు. బ్రాండ్‌కు కనిపించింది వేరు. నరాలు చచ్చి నొప్పి తెలియక, రోగులే తమ చేతులూ కాళ్లూ పాడుచేసుకుంటున్నారు. నిద్రలో ఎలుకలు వేళ్లు కొరికినా మెలకువ రాని వాళ్లున్నారు. అందుకే వాళ్ల పక్కన పిల్లుల్ని ఉంచే ఏర్పాటు కూడా చేశారు.

షుగరు రోగుల పాదాల పరీక్ష గురించి చెబుతూ కుష్ఠు దగ్గర మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఆ పరీక్షలోని ముఖ్యమైన భాగం అక్కడినుంచే వచ్చింది.

షుగరు పాదం గొడవ ఆ పరీక్ష రాకముందూ లేకపోలేదు. 1922లో ఇన్సులిన్ వాడకం మొదలయ్యాక, కోమాలోకి జారి చనిపోవలసిన వాళ్లు బతికి బట్టకట్టారు. ఏళ్లు గడిచేకొద్దీ వాళ్ల కాళ్లకు పుండ్లు, ఆపైన గాంగ్రీన్. బోస్టన్‌లో షుగరు డాక్టరు ఇలియట్ జాస్లిన్ 1934లోనే ఈ ముప్పు గురించి రాశాడు. లీలాండ్ మెకిట్రిక్ లాంటి సర్జన్లతో కలిసి పనిచేస్తూ, పాదాలు రోజూ కడుక్కుని చూసుకోవడం నేర్పించాడు. కానీ చాలామంది డాక్టర్లు తప్పంతా రక్తనాళాలదే అనుకున్నారు. రక్తం అందక పుండు మానదు, కాలు తీసేయాల్సిందే!

బ్రాండ్ 1966లో అమెరికా వెళ్లి, లూసియానాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రిలో చేరాడు. అక్కడ షుగరు రోగుల పాదాలు చూస్తే అచ్చం రాయవెల్లూరులో చూసినట్టే ఉన్నాయి. బొటనవేలి కింద, అరికాలు ముందుభాగాన, ఒత్తిడి ఎక్కువగా పడే చోటే పుండు. రక్తం బాగానే అందుతున్న పాదాల్లోనూ అంతే. నొప్పి లేదు కాబట్టి రోగి కుంటడు, పుండు మీదే నడుస్తాడు. బరువంతా ఒక్కచోట పడకుండా పాదానికి అతుక్కునేలా పిండికట్టు కడితే పుండు మానింది.

మరి పుండు పడకముందే స్పర్శ పోయిందని తెలిసేదెలా? దానికి పనికొచ్చిన సాధనానిది ఇంకో కథ. 19వ శతాబ్దం చివర్లో జర్మనీలో పనిచేసిన శాస్త్రవేత్త మాక్స్ ఫాన్ ఫ్రై, రకరకాల మందం గల గుర్రపు వెంట్రుకల్ని పుల్లలకు అతికించి చర్మంలో స్పర్శను కొలిచాడు. 1960 నాటికి అమెరికాలో జోసెఫిన్ సెమ్స్, సిడ్నీ వైన్‌స్టీన్ వెంట్రుకకు బదులు నైలాను దారం వాడారు. వాళ్ల పరీక్షలు షుగరు పాదాల కోసం చేసినవి కావు, మెదడుకు గాయాలైన మాజీ సైనికుల మీద చేసినవి. ఆ దారాల్లో 10 గ్రాముల ఒత్తిడికి వంగేది పాదాలకు హద్దుగా సరిపోతుందని కార్విల్‌లోనే పనిచేసిన బర్కీ, సిమ్స్ 1986లో తేల్చారు. కుష్ఠు, షుగరు రోగులిద్దరినీ కలిపి చూసిన ఆ వ్యాసం అచ్చయింది కుష్ఠు వ్యాధి పత్రికలో!

పరీక్ష చూడ్డానికి తేలికే. ముందు దారాన్ని చేతికో నుదుటికో తాకించి ఎలా ఉంటుందో తెలియజెప్తారు. తర్వాత రోగి కళ్లు మూసుకుంటాడు. బొటనవేలికీ, అరికాలు ముందుభాగానికీ దారాన్ని నిటారుగా ఆనించి, వంగే దాకా నొక్కి, రెండు సెకన్లలో తీసేస్తారు. కాయకాసిన చోట తాకించకూడదు, అక్కడ చర్మం ఎలాగూ మొద్దు. మధ్యమధ్య అసలు తాకించకుండానే "తెలిసిందా?" అని అడుగుతారు, మొహమాటానికి ఔననేవాళ్లను పట్టుకోవడానికి. ఒకే దారంతో వరసగా ఎంతోమందిని చూస్తే అది మెత్తబడి, కొలత తప్పుతుంది. దారంతో పాటు 128 హెర్ట్‌జ్ ట్యూనింగ్ ఫోర్కు అదురు తెలుస్తోందో లేదో, పాదం మీది నాడి, వేళ్ల సందులు, రోగి వేసుకొచ్చిన చెప్పులు కూడా చూడాలి.

1981లో లండన్ కింగ్స్ కాలేజీ ఆసుపత్రిలో మైఖేల్ ఎడ్మండ్స్ పాదాల క్లినిక్కు పెట్టాక, డాక్టరు, సర్జను, పాదాల నిపుణుడు, చెప్పులు చేసేవాడు ఒకేచోట కూర్చునే పద్ధతి బలపడింది. 1989లో ఇటలీలోని సెయింట్ విన్సెంట్‌లో ఐరోపా దేశాలు షుగరు గాంగ్రీన్ వల్ల కాళ్లు తీసేయడాన్ని సగానికి తగ్గించాలని లక్ష్యం పెట్టుకున్నాయి. మన దగ్గర పాదాలకంటూ ప్రత్యేక వృత్తి ఇంకా వేళ్లూనుకోలేదు. చాలాచోట్ల ఆ పని నర్సు మీదో, పెద్ద డాక్టరు దగ్గరుండే జూనియర్ మీదో పడుతుంది. మన వాళ్లు షుగరుకు రక్తపరీక్ష అడిగి మరీ చేయించుకుంటారు గానీ, డాక్టరు ముందు కాలు చాపడానికి మాత్రం సంకోచిస్తారు.

ఎమ్‌సీఆర్ చెప్పుల సంగతీ అలాంటిదే. మెత్తని రబ్బరు అట్టతో చేసే ఈ చెప్పులు కుష్ఠు రోగుల కోసం వచ్చినవే. స్పర్శ పోయిన షుగరు రోగికీ అవే పనికొస్తాయి. కానీ వాటిని తొడుక్కుంటే నలుగురూ కుష్ఠు అనుకుంటారని జనం వెనకాడారు. లోపలి రబ్బరు అలాగే ఉంచి, పైపైన మామూలు బజారు చెప్పుల్లా కనిపించేలా పట్టీలు, రంగులు మార్చి కుట్టాల్సి వచ్చింది.