మన వివరాలు ఎవరి చేతిలో?

1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్ అమరుడయ్యాక, గోండుల పరిస్థితి తెలుసుకోమని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను నియమించింది. ఆయన మార్లవాయిలో మన మధ్యే ఉండి వివరాలు రాసుకున్నాడు, ఫొటోలు తీశాడు. తర్వాత భూములకు పట్టాలొచ్చాయి, మార్లవాయిలోనే గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. చెప్పిన మాటకు ఫలితం కనబడింది కనుకే పెద్దలు నమ్మారు. అయినా ఆ ఫొటోలు నేటికీ లండన్‌లోనే ఉన్నాయి.

నమ్మకం ఎలా పోతుందో ఖమ్మం జిల్లా చూపింది. 2009లో ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకాలు వేశారు. 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాలపై హాస్టల్ వార్డెన్లే సంతకాలు చేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తప్పుపట్టింది.

సికింద్రాబాద్ నుంచి సర్వే ఫారాలు పట్టుకొచ్చే సంస్థలను ఇక గ్రామసభలోనే అడుగుదాం: ఎందుకు రాస్తున్నారు? ఎవరికిస్తారు? మా నకలు ఏది? మన భాషలో జవాబు వచ్చాకే వేలిముద్ర.