మగ పెంకుపురుగులకు కొమ్ములెందుకు?

కొబ్బరి మొవ్వులో దొరికిన కొమ్ముపురుగును తెచ్చి ఒక విద్యార్థి అడిగాడు: "మాస్టారూ, తొలవడానికేనా దీనికి ఈ కొమ్ము?" కాదు. మొవ్వును తొలిచేది దవడలతో. ఆడపురుగు కూడా తొలుస్తుంది, అయినా దాని కొమ్ము పొట్టిది. మగదాని పొడవైన కొమ్ము తోటి మగపురుగులతో తలపడేందుకు ఏర్పడిన ఆయుధం. 1871లో వెలువరించిన మానవుని పుట్టుకను గూర్చిన గ్రంథంలో చార్లెస్ డార్విన్ ఇటువంటి కొమ్ములను అలంకారాలుగా భావించాడు. అంతటివాడూ ఇక్కడ పొరబడ్డాడు.

ఈ పోరాటాల మర్మం పేడపురుగులలో బాగా బయటపడింది. మధ్యధరా ప్రాంతానికి చెందిన ఆంథోఫేగస్ టారస్ అనే జాతిని తీసుకుందాం. లాటిను భాషలో టారస్ అనగా ఎద్దు. పెద్ద మగపురుగు తలపై ఎద్దు కొమ్ములవంటి వంపు కొమ్ములు రెండుంటాయి. ఆడపురుగు పేడ కింద సొరంగం త్రవ్వి, పేడను ముద్దలుగా కూరి, ఒక్కొక్క ముద్దలో ఒక్కొక్క గుడ్డు పెడుతుంది. కొమ్ముల మగపురుగు ఆ సొరంగానికి కావలి కాస్తుంది. దారి ఇరుకు గనుక ప్రత్యర్థులు ఒక్కొక్కరుగా మాత్రమే రాగలరు. ద్వంద్వయుద్ధంలో కొమ్మున్నవాడు, బలమున్నవాడు నెగ్గుతాడు. పేడను ఉండగా చేసి దొర్లించుకుపోయే జాతులలో కలహం ఆరుబయట జరుగుతుంది. అక్కడ కొమ్ములు సాధారణంగా కనిపించవు. అమెరికా శాస్త్రవేత్త డగ్లస్ ఎమ్లెన్ ఈ తేడాను వివరంగా పరిశీలించాడు. ఈ జాతి మగపురుగు తన బరువుకు 1,141 రెట్ల బరువును లాగగలదని 2010లో కొలిచారు. 70 కిలోల మనిషి దాదాపు 80 టన్నులు లాగినట్లు!

అయితే మగపురుగులన్నీ వీరులు కావు. తల్లి పెట్టిన పేడముద్ద చిన్నదైతే పిల్ల చిన్నదిగానే ఎదుగుతుంది. ఒక నిర్ణీత పరిమాణం దాటనివాటికి కొమ్ములు నామమాత్రం. అవి పోరుకు దిగవు. పక్కనుంచి మరో సొరంగం త్రవ్వి, కావలివాని కన్నుగప్పి ఆడపురుగును చేరుకుంటాయి.

కొమ్ముకు మూల్యమూ ఉంది. ప్యూపాగా మారడానికి ముందు దశలో కొమ్ములు, కళ్లు ఒకే సమయంలో, పక్కపక్కనే పెరుగుతాయి. కొమ్ము పెరిగితే కన్ను చిన్నదవుతుంది. వేరే జాతులలో కొమ్ము మొలిచే చోటును బట్టి స్పర్శశృంగాలో రెక్కలో తగ్గుతాయి.

పరిణామానికి లక్షల ఏళ్లు పడుతుందని మేము పాఠం చెబుతాము. ఎల్లవేళలా అది నిజం కాదు. పశువుల పేడను తొలగించేందుకు ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ గత శతాబ్దంలో విదేశీ పేడపురుగులను దిగుమతి చేసింది. వాటిలో ఈ జాతి కూడా ఉంది. అమెరికాకు అది అనుకోకుండా చేరింది. ఉభయ దేశాలలోనూ 50 ఏళ్లు నిండకముందే కొమ్ములు మొలిచే శరీర పరిమాణం వేరైపోయింది. పశ్చిమ ఆస్ట్రేలియాలో పురుగుల రద్దీ ఎక్కువ. అక్కడ మధ్యరకం మగపురుగు కొమ్ములతో నెగ్గే అవకాశం తక్కువ. అందుచేత అమెరికాలో కొమ్ములు తొడిగే పరిమాణంలో ఉన్న పురుగు అక్కడ కొమ్ములు లేకుండానే దొంగదారి పడుతుంది.