పెంచినోడికి ఇనామ్ ఏది?

మా తొండూరు వైపు తిరునాళ్లయినా, దర్గా ఉరుసయినా, బండలాగుడు పెట్టారంటే ఇక జనం జనమే. మైకు, దుమ్ము, ఈలలు. పోటీకి ముందు ఎద్దుల నోరు తెరిచి పళ్లు చూస్తారు. పాలపళ్లవి ఒక విభాగం, రెండు పళ్లవి ఒకటి, నాలుగు, ఆరు పళ్లవి వేరే. ఇచ్చిన నిమిషాల్లో ఏ జత బండను ఎక్కువ అడుగులు లాగితే దానిదే గెలుపు. యజమాని పేరు మైకులో మోగుతుంది, నగదు ఆయన చేతికొస్తుంది.

కొన్నేళ్ల కిందట వార్త రాసుకుందామని పోయి, గెలిచిన కోడెనే చూస్తూ నిలబడిన ఒక చిచాను పలకరించాను. ఆ కోడె ఆయన ఇంటి ఆవుకే పుట్టిందట. కూతురి షాదీ ఖర్చుకని దూడగా ఉన్నప్పుడే అమ్మేశాడు. "మీకేమైనా ఇస్తారా చిచా?" అన్నాను. నవ్వాడు. "ఇనామ్ బైల్ కూ, నామ్ మాలిక్ కా. గాయ్ కూ కోన్ పూఛ్తా బేటా?"

ఆవునెవరు అడుగుతారని. సవాల్ అంటే ఉర్దూలో ప్రశ్న, తెలుగులో పందెం. చిచా మాట నాకు రెండు రకాలుగానూ తగిలింది.

తవారీఖ్ తిరగేస్తే, జంతువుల మీద డబ్బు పోయడంలో మన పాలకులు వెనకాడిందేమీ లేదు. సాళువ నరసింహుడు హొర్ముజ్, ఏడెన్‌ల నుంచి గుర్రాలు తెప్పించేవాడు. బతికినవైనా చచ్చినవైనా మూడింటికి వెయ్యి పర్దావుల బంగారు నాణేలు. ఓడలో చచ్చినదాని తోక ఒక్కటి తెచ్చి చూపినా చాలు, పూర్తి డబ్బు. ఇది రాసిపెట్టిన నునిజ్ పోర్చుగీసు గుర్రాల వ్యాపారి, ఆ లెక్కలు తెలిసినవాడే. అంత ఉదారమూ సౌదాగర్‌కే. ఇక్కడ గుర్రపుపిల్లను సాకే రైతుకి అందులో దమ్మిడీ లేదు. ఏటేటా ఓడలకేసి చూడాల్సిందే.

మన గండికోటను 1650లో పట్టిన మీర్ జుమ్లా సంగతే చూడండి. ఇరాన్ నుంచి గుర్రాల సౌదాగర్ కొలువులో గోల్కొండకు వచ్చినవాడంటారు. 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే ఆయన్ను గండికోటలోనే కలిశాడు. తర్వాత మొగలు దర్బారులో వజీర్ కూడా అయ్యాడు. గుర్రాలు అమ్మే దారిన వచ్చినవాళ్లు అంత ఎత్తుకెక్కారు. పెంచినవాళ్ల పేరు మాత్రం ఏ దఫ్తర్‌లోనూ నా కంటపడలేదు.

చిచా సవాల్‌కి ఒక జవాబ్ అమెరికా బ్యారెల్ రేసింగ్‌లో ఉంది. మూడు పీపాలను త్రికోణంగా పెట్టి, గుర్రం మీద వాటిని చుట్టి ఎవరు తక్కువ సెకన్లలో వస్తారన్నదే ఆట. ఈ ఆటను నిలబెట్టిన ఆడవాళ్ల సంఘం 1948లో టెక్సాస్‌లో పుట్టింది. అక్కడా గుర్రాల వయసును బట్టి వేరే పోటీలుంటాయి, మన పళ్ల లెక్కలాగే. పోతుగుర్రం యజమాని రుసుం కట్టి దాన్ని పథకంలో నమోదు చేస్తాడు. దాని పిల్లలకే ఆ నిధిలో బహుమతి. పిల్ల గెలిస్తే ఇప్పటి యజమానితో పాటు తండ్రి గుర్రం యజమానికీ, కొన్ని పథకాల్లో దాన్ని పుట్టించిన ఆసామికీ వాటా పోతుంది. పిల్ల ఎన్ని చేతులు మారినా ఆ హక్ పోదు. రుసుం కట్టగలిగిన వాళ్ల పథకమేలెండి, అయినా లెక్కలో పెంచినోడు ఉన్నాడు.

బ్రిటిష్ జమానాలో మద్రాస్ సర్కార్ మంచి ఆబోతును పోషించే ఆసామికి ప్రీమియం ఇచ్చేది. అదీ మగదానికే. బ్రెజిల్ వాళ్లు అట్లా కాదు. మన ఒంగోలు జాతిని పట్టుకుపోయి 'నెలోర్' అని పేరు పెట్టుకున్నారు, 1938 నుంచి ఈ మూపురం జాతుల నస్ల్ దస్త్రాల్లో ఎక్కిస్తున్నారు. 2023లో వియాటినా-19 అనే నెలోర్‌లో మూడో వంతు వాటా అమ్మితే, మొత్తం విలువ 40 లక్షల డాలర్లు దాటింది. అది ఆవు భాయ్, ఎద్దు కాదు!

ఇప్పుడు సర్కారోళ్లు పశువుల చెవికి 12 అంకెల ట్యాగ్ వేస్తున్నారు. తల్లి నంబరూ దూడ నంబరూ కలిపి రాసుకుంటే, ఇనామ్‌లో రూపాయికి పది పైసలు ఆవు ఇంటికి పంపడం కమిటీలకు కష్టమేం కాదు. పళ్లు చూసే చేత్తోనే చెవి కూడా చూడాలి, అంతే.

ఈ ముక్క చెబుదామని పోయిన నెల చిచా ఇంటికెళ్లాను. కొట్టంలో ఆ ఆవు లేదు. "జెర్సీ తెచ్చినా బేటా. పాలు పోస్తే పదిహేను రోజులకోసారి పైసలిస్తారు" అన్నాడు.