ఫార్మాట్ కొట్టించినా మిగిలిపోయినవి

1998 నవంబరు 22న హైదరాబాద్ మాదాపూర్‌లో ఐటీ భవనం సైబర్ టవర్స్‌ను ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించారు. అయితే ఆ రోజుల్లో నగరంలోని ఇళ్లకు కంప్యూటర్ ఎక్కువగా వచ్చింది సికింద్రాబాద్ పార్క్‌లేన్ నుంచి. చెనాయ్ ట్రేడ్ సెంటర్లో మదర్‌బోర్డు ఒక షాపులో, ర్యామ్ ఇంకో షాపులో బేరమాడి, 'అసెంబుల్డ్ సిస్టమ్' కట్టించుకుని తెచ్చుకునేవారు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కోర్సులు నేర్చుకునే కుర్రాళ్లు ఎందరికో అదే తొలి కంప్యూటర్.

దాంతోపాటు ఒక అలవాటూ ఇంట్లోకి వచ్చింది. వైరస్ పట్టినా, సిస్టమ్ నెమ్మదించినా, చివరికి అమ్మేయాలన్నా ఒకటే మందు: ఫార్మాట్ కొట్టించడం. తెలిసిన కుర్రాడు సీడీ పట్టుకొచ్చి, ఫొటోలూ రెజ్యూమెలూ 'డీ' డ్రైవ్‌లోకి నెట్టి, 'సీ'ని ఫార్మాట్ చేసి, మళ్లీ విండోస్ ఎక్కించేవాడు. ఫార్మాట్ అయితే అన్నీ పోయినట్టేనన్న నమ్మకం అలా స్థిరపడింది.

నిజానికి అన్నీ పోలేదు. క్విక్ ఫార్మాట్ ఫైళ్ల పట్టికను మాత్రమే కొత్తగా రాస్తుంది. రిజిస్టరు చింపేసినంత మాత్రాన గోదాములో బస్తాలు మాయం కావు కదా! ఇంకా కలవరపెట్టే విషయం ఏమిటంటే, విండోస్ ఎక్స్‌పీలో గంటల తరబడి సాగే పూర్తి ఫార్మాట్ కూడా పాడైన సెక్టార్లను వెతికేదే తప్ప పాత డేటా మీద ఏమీ రాసేది కాదు. సున్నాలు రాయడం విస్టాతోనే మొదలైంది. అంతకుముందు ఎంత జాగ్రత్తగా ఫార్మాట్ చేసి అమ్మినా, సిస్టమ్‌తో పాటు ఇంటి గుట్టూ వెళ్లిపోయినట్టే.

ఇది ఒక్క హైదరాబాద్ కథ కాదు. అమెరికాలో ఎంఐటీ విద్యార్థులు సింసన్ గార్‌ఫింకెల్, అభి షెలాట్ 158 సెకండ్ హ్యాండ్ డిస్కులు కొని పరీక్షించారు. పనిచేసిన 129లో సరిగా తుడిచినవి 12 మాత్రమే. మిగతావాటిలో 5,000కు పైగా క్రెడిట్ కార్డు నంబర్లు దొరికాయని 2003లో ప్రకటించారు.

2012లో విండోస్ 8 సిస్టమ్‌ను మళ్లీ కొత్తదానిలా చేసే రీసెట్ బటన్ తెచ్చింది. సీడీతో, కుర్రాడితో పని తప్పింది. కానీ రీసెట్‌కు కావలసిన సరంజామా ఉండేది అదే డిస్కులో. అది పాడైతే రీసెట్ మొరాయించి, మార్పులేమీ జరగలేదని చెప్పి ఆగిపోతుంది. 2025 ఆగస్టులో ఒక అప్‌డేట్ వల్ల విండోస్ 10లోనూ, విండోస్ 11లోని కొన్ని వెర్షన్లలోనూ రీసెట్ దెబ్బతింది. మైక్రోసాఫ్ట్ అదే నెల 19న అత్యవసర సవరణ ఇచ్చింది. విండోస్ 10కు మద్దతు ముగిసే అక్టోబరు 14కు అప్పటికి రెండు నెలలు కూడా లేదు. పాత సిస్టమ్‌ను వదిలించుకోవాలని ఇళ్లలో ఆలోచన మొదలయ్యే సమయమది.

రీసెట్ కాకపోయినా దారి ఉంది. వేరే కంప్యూటర్లో విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్ డ్రైవ్ తయారుచేసి దానితో బూట్ చేయాలి. అక్కడ పార్టిషన్లు డిలీట్ చేస్తే సరిపోదు, అదీ పాత ఫార్మాట్ లాంటిదే. షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే వచ్చే కమాండ్ విండోలో డిస్క్‌పార్ట్ నడిపి, సరైన డిస్కును ఎంచుకుని 'క్లీన్ ఆల్' ఇస్తే ప్రతి సెక్టార్‌లో సున్నాలు పడతాయి. ఆ ఆదేశానికి తిరుగులేదు కనుక, మిగతా డిస్కులు ముందే పీకేయడం క్షేమం. ఇప్పటి హార్డ్ డిస్కుకు ఒక్కసారి చాలు. 1996లో పరిశోధకుడు పీటర్ గట్‌మన్ చెప్పిన 35 సార్లు తిరగరాయడం ఆనాటి డిస్కుల కోసం.

ఎస్ఎస్‌డీ సంగతి వేరు. పైపైన రాస్తే అందని అదనపు సెల్స్ అందులో ఉంటాయని శాన్ డీగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో చూపించారు. దానికి తయారీదారు ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ వాడాలి. అసలు పనిచేయని డిస్కును విడదీసి నలగ్గొట్టాల్సిందే.

ఇక పాత కంప్యూటర్ చివరికి ఎక్కడికి చేరుతుందన్నది మిగిలింది. హైదరాబాద్‌లో ఐటీ కారిడార్ పడమరన ఉంది. దేశీయ కంప్యూటర్ టీడీసీ-12ను 1969లో అందించిన ప్రభుత్వ రంగ సంస్థ ఈసీఐఎల్ నగరానికి తూర్పున ఉంది. దాని పక్కనే చర్లపల్లిలోని ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-మెట్ పాత సర్క్యూట్ బోర్డుల నుంచి రాగి, బంగారం తీసే పద్ధతులు రూపొందించింది. 2012 మే 1 నుంచి ఈ-వ్యర్థాల నిబంధనలు అమల్లో ఉన్నాయి. అయినా గుమ్మం ముందుకొచ్చే పాత సామాన్లవాడికి పనిచేసే హార్డ్ డిస్క్ లోహం కాదు, మళ్లీ అమ్ముడుపోయే సరుకు. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కంపెనీలకు బాధ్యత పెట్టింది; సొంత అవసరానికి ఇంట్లో దాచుకున్న డేటా దాని పరిధిలోకి రాదు. అందుకే క్యాబినెట్ ఇచ్చేముందు డిస్కును వేరే సిస్టమ్‌కు తగిలించి, రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఒకసారి వెతికి చూడటం ఇంటివాళ్లే చేసుకోవలసిన పని.