తూప్రాన్ దారి చివరి చెరువు: హుస్సేన్‌సాగర్‌పై సాయంకాలపు పడవ

మెదక్ జిల్లాలోని తూప్రాన్‌ను హైదరాబాద్‌తో కలిపే రహదారి ఇప్పుడు 44వ నంబరు జాతీయ రహదారి. 2010లో నంబర్లు మారక ముందు అది 7వ నంబరు, పాత తరం వారి నోట నాగపూర్ రోడ్డు. మనోహరాబాద్, కాళ్లకల్, మేడ్చల్, కొంపల్లి, బోయిన్‌పల్లి మీదుగా ఆ దారి సికింద్రాబాద్ చేరుతుంది; అక్కడి నుంచి హైదరాబాద్ నడిబొడ్డుకు పోవాలంటే ట్యాంక్‌బండ్ దాటడం ఈ ప్రాంతం వారికి తరతరాల అలవాటు. మనుషులు అటు పోతుంటే నీరు మాత్రం వేరే దిక్కులు పట్టింది. తూప్రాన్ పక్కన పారే హల్దీవాగు మంజీరలోను, మంజీర గోదావరిలోను కలుస్తాయి. ట్యాంక్‌బండ్ ఆపిన హుస్సేన్‌సాగర్ మిగులు నీరు మూసీలో పడి, మూసీ వెంట వాడపల్లి దగ్గర కృష్ణను చేరుతుంది. అంటే సుమారు యాభై కిలోమీటర్ల ఈ ప్రయాణంలో బస్సు గోదావరి పరీవాహకాన్ని వదిలి కృష్ణా పరీవాహకంలోకి దిగుతుంది. అయితే రెండింటి నడుమ ఉన్న మిట్ట ఎంత మెత్తనిదంటే, దాన్ని దాటిన సంగతి ప్రయాణికులకు తెలియదు. ఉత్తర దిక్కు నుంచి వచ్చే మెదక్ వాసులకు చారిత్రక హైదరాబాద్ మొదట ఎదురయ్యేది చార్మినార్ రూపంలో కాదు, ఒక చెరువు కట్ట రూపంలో. ఆ చెరువులో సాయంత్రం పూట నడిచే విహార పడవను, అది చూపించే నగరాన్ని ఈ వైపు నుంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పర్యాటకుల పుస్తకాలు హుస్సేన్‌సాగర్‌ను సరస్సు అంటాయి. తెలంగాణ పల్లె లెక్కలో అది చెరువే. తూప్రాన్ పెద్దచెరువుకు గాని, చుట్టుపక్కల మరే ఊరి చెరువుకు గాని ఉండే అంగాలన్నీ దానికీ ఉన్నాయి: నీటిని ఆపే మట్టి కట్ట, కట్ట అడుగున నీటిని వదిలే తూము, నిండిన తరువాత మిగులు దూకే మత్తడి (కోస్తా వారు దీనినే అలుగు అంటారు), నీరు పరచుకునే శిఖం భూమి, కట్టను కాపాడుతుందని నమ్మే కట్టమైసమ్మ. వాలుగా ఉన్న నేలకు అడ్డంగా కట్ట వేసి వాన నీటిని నిలపడం, ఒక చెరువు మత్తడి దూకితే ఆ నీరు దిగువ చెరువుకు చేరేలా గొలుసుగా కట్టడం కాకతీయుల కాలానికే ఈ నేల మీద బాగా ఎదిగిన విద్య. గోలకొండ సుల్తానులు దాన్ని అందిపుచ్చుకున్నారే తప్ప కొత్తగా తేలేదు.

హుస్సేన్‌సాగర్ నిర్మాణం 1562 నాటిదని సాధారణంగా చెబుతారు. అప్పటి పాలకుడు ఇబ్రహీం కులీ కుతుబ్‌షా (1550–1580). పనిని పర్యవేక్షించినవాడు హుస్సేన్ షా వలీ అనే సూఫీ పెద్ద. మూసీ నుంచి బల్కాపూర్ కాలువ ద్వారా నీరు తెచ్చి ఇక్కడ నింపారు. పాలకుడు దీనికి తన పేరు పెట్టదలచినా, జనం పని చేయించినవాడి పేరుతోనే పిలవడంతో, ఆయన ఇబ్రహీంపట్నంలో మరో చెరువు కట్టించుకున్నాడని ఒక జనశ్రుతి ఉంది. దాన్ని చరిత్రగా కాక, చెరువు కట్టించడం రాజుకు ఎంతటి కీర్తి కారణమో చెప్పే కథగా తీసుకోవడం మేలు. ఈ ఇబ్రహీమే తెలుగు కవులు మల్కిభరాముడని పిలిచిన ప్రభువు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన కొలువులోని అమీన్‌ఖాన్ పటాన్‌చెరు కేంద్రంగా ఉండగా, పొన్నగంటి తెలగన అచ్చతెలుగులో రాసిన యయాతి చరిత్రను అంకితం పొందాడు. పటాన్‌చెరు నిన్నమొన్నటి వరకు మెదక్ జిల్లాలోదే కాబట్టి, చెరువులు, కావ్యాలు ఒకే పాలనలో పక్కపక్కన పెరిగిన ఆ కాలంలో ఈ ప్రాంతానికీ వాటా ఉన్నదని చెప్పుకోవచ్చు. ఇబ్రహీం కుమారుడు మహమ్మద్ కులీ చార్మినార్ కట్టించి నగరానికి పునాది వేసింది 1591లో. చెరువు నగరం కంటే దాదాపు మూడు దశాబ్దాలు పెద్దది.

ఆ తరువాత చెరువు కట్ట మరో పనికి వచ్చింది. 1798 ఒప్పందం ప్రకారం నిజాం రాజ్యంలో నిలిచిన ఆంగ్లేయుల సైన్యం హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన గుడారాలు వేసుకుంది. ఆ దండు పెరిగి 1806లో నిజాం సికందర్ జా పేరిట సికింద్రాబాద్ అయింది. దండుకు, నగరానికి నడుమ నీరు అడ్డుగోడగా నిలిచింది, కట్ట వంతెనగా పనిచేసింది. సాగునీటి కోసం, తాగునీటి కోసం వేసిన మట్టి కట్ట ఇలా రెండు నగరాల మధ్య రాజమార్గమైంది. తెరచాప పడవలను ఈ నీటిలో వినోదం కోసం నడపడం కంటోన్మెంటు అధికారుల వల్ల పాతుకున్న అలవాటు. ఇప్పటికీ వానాకాలపు గాలులు అనుకూలంగా ఉండే రోజుల్లో ఇక్కడ సెయిలింగ్ పోటీలు జరుగుతాయి. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తరువాత కట్టిన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) నగరానికి తాగునీరివ్వడం మొదలుపెట్టాక హుస్సేన్‌సాగర్‌కు ఆ బాధ్యత తప్పింది. మీర్జా ఇస్మాయిల్ నిజాంకు ప్రధానిగా ఉన్న 1946లో కట్ట మీది రోడ్డును వెడల్పు చేశారు. పని తప్పిన చెరువు అందం కోసం మిగలడం అక్కడి నుంచి మొదలైందనవచ్చు.

సాయంకాలపు పడవ కట్టకు దక్షిణపు కొసన ఉన్న లుంబినీ పార్కు నుంచి బయలుదేరుతుంది. 1994లో ఏర్పడిన ఈ పార్కులోని రేవు నుంచి రాష్ట్ర పర్యాటక సంస్థ బుద్ధ విగ్రహం దాకా తీసుకువెళ్లి తెచ్చే మామూలు బోట్లతో పాటు వేగంగా తిప్పే స్పీడు బోట్లను, విందులకు, వేడుకలకు అద్దెకిచ్చే పెద్ద పడవలను నడుపుతున్నది. ఆ పెద్ద పడవల్లో రెండింటి పేర్లు భాగమతి, భగీరథి. మొదటి పేరు ఆసక్తికరమైనది. నగరానికి భాగ్యనగరమన్న పేరు తెచ్చిందని కథలు చెప్పే భాగమతి అసలు చారిత్రక వ్యక్తి కాదని కుతుబ్‌షాహీల చరిత్ర రాసిన హారూన్ ఖాన్ షేర్వానీ వాదించారు. చరిత్రకారుడు కాదన్న మనిషి పేరుతో పడవ మాత్రం నిండుగా జనాన్ని ఎక్కించుకుని తిరుగుతున్నది.

సాయంత్రమే ఎందుకంటే, కట్ట తూర్పున ఉండగా పొద్దు పడమర నెక్లెస్ రోడ్డు వెనుక కుంగుతుంది. ఆ కాసేపు నీటి మీద ఎండ పలచబడి, ఇంతలో నాలుగు దిక్కులా దీపాలు వెలుగుతాయి. పడవలో కూర్చున్నవారికి దక్షిణాన నౌబత్ పహాడ్ మీద బిర్లా మందిరం కనిపిస్తుంది. నౌబత్ అంటే రాజాజ్ఞలకు, వేళలకు మోగించే భేరీ వాద్యం. మొఘలుల ఫర్మానాలను ఆ గుట్ట మీద భేరీలు మోగించి చాటేవారని చెబుతారు. తెల్లని చలువరాతి ఆలయం 1976లో తెరుచుకున్నది. దాని కింద 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం, కొత్త సచివాలయం, దీపశిఖ ఆకారపు అమరవీరుల స్మారకం ఉన్నాయి. ఈ మూడూ 2023 ఏప్రిల్, జూన్ నెలల మధ్య ప్రారంభమైనవే. పాత సచివాలయ భవనాలను 2020లో కూల్చివేశారు. పడమర నెక్లెస్ రోడ్డు, ఉత్తరాన సంజీవయ్య పార్కు, తూర్పున కట్ట. చారిత్రక నగరాన్ని పడవలో చూపిస్తామని తీసుకువెళ్లే ఈ ప్రయాణంలో చార్మినార్ కనిపించదు, గోలకొండ కనిపించదు. కాశీ గంగలోనో, ఇస్తాంబుల్ బాస్ఫరస్‌లోనో పడవ ఎక్కినవారికి నీటికి ముఖం పెట్టి కట్టిన పాత మేడలు, ఘట్టాలు, ప్రార్థనాలయాలు వరుసగా ఎదురవుతాయి. హైదరాబాద్‌ను కట్టినవారు మూసీకి దక్షిణాన కూడళ్లను, వీధులను చూసి కట్టారు గాని ఈ చెరువును చూసి కట్టలేదు. అందువల్ల ఇక్కడి పడవ చూపించేది ఎక్కువగా గత యాభై ఏళ్ల నగరాన్ని. ఆ దృశ్యంలో నిజంగా పాతవి రెండే: కింద ఉన్న నీరు, దాన్ని ఆపిన కట్ట. ప్రయాణికుల చూపు పడనివి కూడా ఆ రెండే.

నడిమధ్యన నిలిచిన బుద్ధ విగ్రహానిది మరీ దగ్గరి చరిత్ర. న్యూయార్కులోని స్వేచ్ఛా ప్రతిమను చూసి వచ్చిన ముఖ్యమంత్రి ఎన్.టి.రామారావు అలాంటిదొకటి తెలుగు నేల మీద ఉండాలని తలచి, భువనగిరి దగ్గరి రాయగిరిలో దొరికిన ఏకశిలను గణపతి స్థపతి చేత చెక్కించారు. సుమారు 58 అడుగుల ఎత్తు, 300 టన్నులు దాటిన బరువు ఉన్న ఆ రాతిని రోడ్డు మీద నగరానికి తేవడమే ఒక సాహసం కాగా, కట్ట దగ్గర నుంచి చెరువు మధ్యనున్న బండ దాకా చేర్చడం దాన్ని మించిన సాహసమైంది. 1990 మార్చి 10న విగ్రహాన్ని మోసుకుపోతున్న బల్లపరుపు పడవ, అంటే బార్జి, ఒరిగిపోయింది. విగ్రహం నీట మునిగింది, పనిలో ఉన్న మనుషులు ప్రాణాలు కోల్పోయారు. ముప్పై అడుగుల పైచిలుకు లోతున్న చెరువు అడుగున అది రెండున్నరేళ్లకు పైగా పడి ఉండి, 1992 డిసెంబరు 1న పైకి లేచి పీఠమెక్కింది. 2006లో దలైలామా వచ్చి ప్రతిష్ఠా క్రతువు జరిపారు. పడవ దిగి విగ్రహం చుట్టూ తిరిగే సందర్శకుల్లో ఈ తరం వారికి ఆ పదో తేదీ సంగతి అంతగా తెలియదు. అదే మార్చి 10న, 2011లో, తెలంగాణ ఉద్యమపు మిలియన్ మార్చ్ ట్యాంక్‌బండ్ మీదికి చేరుకుని, రామారావు హయాంలోనే నెలకొల్పిన తెలుగు ప్రముఖుల విగ్రహాల్లో కొన్నింటిని పడగొట్టింది. తరువాత వాటిని మళ్లీ నిలబెట్టారు. ఆ విగ్రహాలన్నీ రోడ్డును చూస్తూ చెరువుకు వీపు పెట్టి నిలిచాయి కనుక, పడవలోని వారికి కవులూ రాజులూ వెనుక వైపు నుంచే దర్శనమిస్తారు.

పడవ ఎక్కబోయేవారు దాటే లుంబినీ పార్కు ద్వారం దగ్గర సంచులు తనిఖీ చేయడానికి కారణం 2007 ఆగస్టు 25 సాయంత్రం లేజర్ ప్రదర్శన జరుగుతుండగా పేలిన బాంబు. అదే సాయంత్రం కోఠిలోనూ మరొకటి పేలింది. రెండు చోట్ల కలిపి నలభై మందికి పైగా మరణించారు.

నీటి సంగతి దాచవలసింది కాదు. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు చెరువుకు వాననీటితో పాటు ఇళ్లు, కర్మాగారాలు వాడి వదిలిన నీటిని కూడా దశాబ్దాలుగా మోసుకొచ్చాయి. జపాన్ రుణసాయంతో 2006లో మొదలైన శుద్ధి పథకం వల్ల మురుగును మళ్లించడం, పూడిక తీయడం కొంత జరిగినా, ఎండాకాలపు సాయంత్రాల్లో పడవ ఎక్కినవారు ముక్కు మూసుకున్న సందర్భాలు లేకపోలేదు. ఇక్కడే మెదక్ వాసులు గమనించవలసిన మలుపు ఒకటుంది. నగరం తాగే నీటిలో చాలా భాగం ఉమ్మడి మెదక్ జిల్లాలోని మంజీర బ్యారేజీ నుంచి, సింగూరు నుంచి, అంటే హల్దీ కలిసే చోటికి ఎగువన మంజీర నుంచి, దశాబ్దాల పాటు పోయింది. గోదావరికి చేరవలసిన ఆ నీరు గొట్టాల్లో మిట్ట దాటి, నగరం వాడుకున్న తరువాత నాలాల వెంట హుస్సేన్‌సాగర్‌కో మూసీకో చేరి కృష్ణ దారి పట్టింది. బస్సెక్కి నగరానికి పోయిన మనుషుల వెనుక నీరు కూడా పోయిందన్నమాట. దీనికి ఎదురు ప్రయాణం 2021 ఏప్రిల్‌లో జరిగింది: కొండపోచమ్మ సాగర్‌కు ఎత్తిపోసిన గోదావరి నీటిని వర్గల్ మండలం అవుసులపల్లి దగ్గర వదిలి, గొలుసుకట్టు చెరువుల మీదుగా హల్దీవాగులోకి మళ్లించడంతో, నడి ఎండల్లో వాగు పారి, ఆ నీరు మంజీర వెంట నిజాంసాగర్ దాకా పోయింది. ఎండిన చెక్‌డ్యాములు వేసవిలో మత్తడి దూకడం చూసేందుకు ఊళ్లకు ఊళ్లే వాగు ఒడ్డుకు తరలాయి.

పర్యాటక పడవ కట్టకు దూరంగా, విగ్రహానికి దగ్గరగా తిరుగుతుంది గనుక తూములు ఎక్కడున్నాయో, మత్తడి ఏ మూలన దూకుతుందో, ఆ నీరు అశోక్‌నగర్, నల్లకుంట, అంబర్‌పేటల నడుమ నుంచి మూసీకి ఎలా పోతుందో ఎవరూ చెప్పరు. కట్ట దిగువన లోయర్ ట్యాంక్‌బండ్ రోడ్డు పక్కన ఉన్న కట్టమైసమ్మ గుడికి బోనాల వేళ భక్తులు బారులు తీరతారు; నీటి మీద తిరిగే పడవలోంచి ఆ గుడి కనిపించదు, నీటికీ గుడికీ నడుమ కట్ట ఉన్నది. తూప్రాన్ ప్రాంతం నుంచి పిల్లలను విహారయాత్రకు తీసుకువెళ్లే బడులు బుద్ధుడి దగ్గర ఫొటో దిగి వెనుదిరగడంతో సరిపెట్టకుండా, పడవ ఎక్కే ముందు కట్ట దిగువకు దిగి మైసమ్మ గుడి దగ్గర నిలబడి పైకి చూపితే, 1562 నాటి ఆ మట్టిపని ఎత్తెంతో పిల్లలకు కళ్లారా తెలుస్తుంది. ఆ తరువాత రేవుకు పోయి టిక్కెట్టు కొనుక్కోవచ్చు. చీకటి పడ్డాక జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి మెదక్ వైపు బస్సులు ఎలాగూ ఉంటాయి.