వంశం అడిగే అలవాటు – ఓరుగల్లు మక్బూల్ మొదలు నేటివరకు

ఓరుగల్లు కోటలో శిలాతోరణాల నడుమ నిలబడిన యాత్రికునికి ప్రతాపరుద్రుని కథ చెప్పేవారు చాలామంది దొరుకుతారు. 1323లో ఉలుగ్ ఖాన్ (తర్వాతి కాలపు ముహమ్మద్ బిన్ తుగ్లక్) కోటను పట్టుకున్నాడనీ, బందీ అయిన కాకతీయ రాజు ఢిల్లీ చేరకుండానే దారిలో మరణించాడనీ చెబుతారు. అయితే ఆ రాజు కొలువు నుండే ఢిల్లీ చేరి, అక్కడ ఇస్లాం స్వీకరించి, చివరికి సల్తనత్‌కే వజీరైన మరొక తెలుగువాడి సంగతి మన ఊళ్లోనే తెలిసినవారు తక్కువ. ఆయన పేరు మక్బూల్. చరిత్రలో ఖానె జహాన్ మక్బూల్ తిలంగానీ. తిలంగానీ అంటే తెలంగాణావాడు, తెలుగువాడు.

ఆయన పూర్వనామం ఏమిటన్నది ఒక చిన్న చిక్కు. ఫిరోజ్ షా తుగ్లక్ చరిత్ర రాసిన షమ్స్ సిరాజ్ అఫీఫ్ గ్రంథంలో ఆ పేరును కొందరు ‘కట్టు’ అని చదివారు, కొందరు ‘కన్ను’ అని చదివారు. ఫార్సీ లిపిలో ఒక చుక్క ఎక్కువైతే ఒకటి, తక్కువైతే మరొకటి. అనువాదకుల ప్రాణాలు ఇలాంటి చుక్కలలోనే చిక్కుకుని ఉంటాయి. మారన తన మార్కండేయ పురాణాన్ని అంకితమిచ్చిన కాకతీయ సేనాని గన్నయే ఈయన అని మన చరిత్రకారులలో కొందరు నిర్ణయించారు. ఆ నిర్ణయం సరైనదైతే, తెలుగు కావ్యానికి కృతిపతి అయినవాడే ఢిల్లీకి వజీరు కూడా అయ్యాడన్నమాట.

అఫీఫ్ చెప్పినదానిలో గమనార్హమైన విషయం ఒకటుంది. మక్బూల్‌కు చదవడం, రాయడం రాదు. రాదని దాచకుండా చెబుతూనే, ఆయన బుద్ధికుశలతను ఆ చరిత్రకారుడు ఎంతో మెచ్చుకున్నాడు. ముహమ్మద్ బిన్ తుగ్లక్ కాలంలో ముల్తాన్ వంటి కీలక ప్రాంతం ఆయన చేతిలో ఉండేది. ఆ తర్వాత నాయబ్ వజీరయ్యాడు. 1351లో ఫిరోజ్ షా గద్దె నెక్కగా పూర్తి వజీరయ్యాడు. సుల్తాన్ సింధు వైపు దండయాత్రకు పోయి నెలల తరబడి జాడ తెలియకపోయినప్పుడు, సుల్తాన్ నుండి లేఖలు అందాయని ప్రకటించి, రాజధానిలో కల్లోలం రాకుండా కాపాడినవాడు ఈయనే. అసలైన పాదుషా ఖానె జహానే అని ఫిరోజ్ షా అనేవాడట. 1368-69 ప్రాంతంలో మరణించాడు. కుమారుడు జౌనా షా అదే బిరుదుతో వజీరై ఢిల్లీలో పలు మసీదులు కట్టించాడు. ఖిర్కీ మసీదు, తుర్క్‌మాన్ గేటు దగ్గరి కలాన్ మసీదు వాటిలోనివే.

ఈ కథను ఇంతటితో ఆపితే మనకు గర్వకారణంగా ఉంటుంది. సభల్లో చెప్పుకోవడానికి కూడా బాగుంటుంది: చూడండి, ఇస్లాం ఒక యుద్ధబందీని వజీరును చేసింది, మాలో పుట్టుకకు విలువ లేదు అని. అయితే అదే నగరంలో, అదే సంవత్సరాలలో కూర్చుని మరొకరు రాసిన పుస్తకాన్ని కూడా చదవవలసి ఉంటుంది.

ఆయన జియాఉద్దీన్ బరనీ. పదిహేడేళ్లు ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో నదీముగా ఉన్న విద్వాంసుడు. సుల్తాన్ మరణించగానే ఆయన దశ తిరిగింది. కొంతకాలం భట్నేర్ కోటలో నిర్బంధంలో ఉండి, పేదరికంలో తన ‘తారీఖె ఫిరోజ్‌షాహీ’ని 1357లో పూర్తిచేశాడు. అంటే ఓరుగల్లు మక్బూల్ వజీరుగా ఢిల్లీని ఏలుతున్న రోజులలో బరనీ చిరుగుల అంగరఖాతో కూర్చుని, పాలకులు ఎవరిని కొలువులో పెట్టుకోవాలి, ఎవరిని పెట్టుకోరాదు అన్నది రాస్తున్నాడు. ఆయన రెండో గ్రంథం ‘ఫతావాయె జహాందారీ’. దాని ప్రతి ఒక్కటే మిగిలి, లండన్ ఇండియా ఆఫీసు గ్రంథాలయానికి చేరింది. అందులో ఆయన సిద్ధాంతం మొహమాటం లేకుండా ఉంటుంది. మనుషుల గుణాలు వంశాన్నిబట్టి అల్లాహ్ నిర్ణయించినవేనట. తక్కువ పుట్టుకవారికి నమాజు, రోజా నేర్పితే చాలునట. చదవను, రాయను నేర్పిన ఉపాధ్యాయులను పాదుషా శిక్షించాలట. చదువు వస్తే వాళ్లు ఉద్యోగాలకు వస్తారన్నదే ఆయన భయం. భయం అంత స్పష్టంగా చెప్పుకున్నందుకు ఆయనను ఒక విధంగా మెచ్చుకోవాలి. తర్వాతి వాళ్లు ఇదే మాటను చాలా మర్యాదగా చెప్పారు.

తన వాదానికి బరనీ చరిత్రను సాక్ష్యం తెచ్చాడు. ఇల్‌తుత్‌మిష్ విచారణ జరిపించి తక్కువ పుట్టుక అని తేలిన 33 మందిని కొలువు నుండి తొలగించాడని రాశాడు. వజీరు జునైదీ పూర్వీకుడు నేతపనివాడని కూడా ఆ విచారణలోనే బయటపడిందట. అమ్రోహాలో ఒక ఉద్యోగానికి కమాల్ మహియార్ అనే అతన్ని తీసుకురాగా, అతడు హిందూ బానిస కొడుకని తెలిసి బల్బన్ కొలువంతా దద్దరిల్లేలా మండిపడ్డాడట. పాఠకులు ఇక్కడొక విషయం గమనించాలి. ఇల్‌తుత్‌మిష్‌ను బజారులో బానిసగా కొన్నారు. బల్బన్‌నూ బజారులోనే కొన్నారు. కొనుగోలైనవాడు తుర్కు అయితే వంశం కలవాడు, హిందూస్తానీ అయితే లేనివాడు. దీన్ని నేటి భాషలో జాత్యహంకారం అనక ఇంకేమనాలి?

ముహమ్మద్ బిన్ తుగ్లక్ మీద బరనీకి ఉన్న పెద్ద ఫిర్యాదు ఆయన ఇలాంటివారిని పైకి తెచ్చాడని. అందుకు ఒక జాబితా ఇచ్చాడు: సారా కాచే అజీజ్, మంగలి ఫిరోజ్, వంటవాడు మన్కా, తోటమాలి పీరా. పేరు పక్కన వృత్తిని తగిలిస్తే చాలు, తిట్టు పూర్తయిపోతుందని ఆయన లెక్క. ఈ జాబితాను పాఠకులు కాస్త గుర్తుపెట్టుకోవాలి. మళ్లీ దీని పని పడుతుంది.

ఇది ఒక ఆస్థానపండితుని అక్కసు మాత్రమే అయితే ఇంతగా చెప్పుకోనవసరం లేదు. ఈ దృష్టి మన ఫిఖ్హ్ గ్రంథాలలో కూడా చోటు సంపాదించుకుంది. వివాహంలో ‘కఫాఅత్’, అంటే వధూవరుల సరిజోడు అనే ప్రకరణం మదర్సాలో చదివిన ప్రతివారికీ తెలుసు. మర్గీనానీ (మరణం 1197) రచించిన ‘హిదాయా’లో అరబ్బులకు వంశాన్నిబట్టి, అరబ్బేతరులకు తండ్రి, తాతలు ముస్లింలు కావడాన్నిబట్టి సరిజోడును లెక్కగట్టారు. తానే కొత్తగా ఇస్లాంలోకి వచ్చినవాడు, తండ్రి కూడా ముస్లిం అయిన కుటుంబానికి సరిజోడు కాడు. వృత్తి విషయంలోనూ చర్చ ఉంది. ఇది ఏకాభిప్రాయం కాదన్న సంగతి కూడా అక్కడే చెప్పాలి. ఇమామ్ మాలిక్ దృష్టిలో సరిజోడు ధర్మనిష్ఠలోనే. సుఫ్యాన్ సౌరీ వంశాన్ని లెక్కలోకి తీసుకోలేదు. హనఫీలలోనే కర్ఖీ ఈ విషయంలో వేరుగా నిలబడ్డాడు.

నేను మదర్సాలో ఈ ప్రకరణం చదివిన రోజు నాకు బాగా జ్ఞాపకం. పాఠం చెప్పిన ఉస్తాద్ పదాల వ్యుత్పత్తి చక్కగా వివరించారు. భిన్నాభిప్రాయాల దగ్గరకు వచ్చేసరికి గంట కొట్టారు. ఆ రాత్రి నా సహపాఠి ఒకడు, దూదేకుల కుటుంబం వాడు, పక్కమీద కూర్చుని అడిగాడు: “భాయ్, మా తాత పేరు నాగులు. ఆయన ఐదు పూటలా నమాజు తప్పలేదు. ఈ లెక్కలో నేను ఎన్నో తరం ముస్లింను?” నేను జవాబు చెప్పలేదు. ‘ఖాఫ్’ను ‘క’ అని పలుకుతాడని వాణ్ణి ఎగతాళి చేసినవారిలో నేనూ ఒకణ్ణి.

ఆ పిల్లవానికి చెప్పవలసిన జవాబు హదీసు పాఠంలోనే ఉంది, మేము దానిని చదివాము కూడా. ఖురైషీ స్త్రీ అయిన ఫాతిమా బింతె ఖైస్ (రజి)కు పలువురి నుండి పెళ్లి సంబంధాలు వచ్చినప్పుడు దైవప్రవక్త (స) ఉసామా బిన్ జైద్‌ను చేసుకొమ్మని సలహా ఇచ్చారు. ఉసామా (రజి) తండ్రి విముక్తుడైన బానిస, తల్లి ఉమ్మె ఐమన్ హబ్షీ స్త్రీ. ఆమె మొదట ఇష్టపడలేదు, తర్వాత ఒప్పుకుని సుఖంగా ఉన్నానని తానే చెప్పింది. ఇది సహీహ్ ముస్లింలో ఉంది. అబూజర్ (రజి) ఒక వ్యక్తిని అతని తల్లి పేరెత్తి దెప్పినప్పుడు, నీలో ఇంకా అజ్ఞానకాలపు లక్షణం మిగిలి ఉందని దైవప్రవక్త (స) మందలించిన సంఘటన బుఖారీలో ఉంది. హుజురాత్ సూరా 13వ ఆయతు సంగతి చెప్పనే అక్కరలేదు. జుమా ఉపన్యాసాలలో మనం అంత తరచుగా వినే ఆయతులు తక్కువ.

రంగు విషయంలో దక్కన్ చరిత్ర మరొక సాక్ష్యం చెబుతుంది. ఇథియోపియాలో పుట్టి, చేతులు మారి మారి అమ్ముడుపోయి అహ్మద్‌నగర్ చేరిన మలిక్ అంబర్ 1626లో మరణించే వరకూ మొగలు సైన్యాలను నిలువరించాడు. జహంగీర్ తన స్వీయచరిత్రలో ఆయనను తలచినప్పుడల్లా నల్లటివాడని తిట్టాడు. అంతటితో తృప్తి కలగక, అంబర్ తెగిన తలను తాను బాణంతో కొడుతున్నట్టు చిత్రం గీయించుకున్నాడు. రణరంగంలో అందనివానిని బొమ్మలో కొట్టాడు. ఆ బొమ్మ ఇప్పుడు డబ్లిన్‌లోని చెస్టర్ బీటీ గ్రంథాలయంలో ఉంది. హబ్షీల సంతతి మనకు దూరపువారు కూడా కారు. వనపర్తి సంస్థానం నుండి నిజాం సైన్యంలోకి వచ్చిన ఆఫ్రికన్ అశ్వదళం పేరే హైదరాబాదులోని ఎ.సి. గార్డ్స్ పేట. దళం పోలీసు చర్య తర్వాత రద్దయింది, పేట మిగిలింది.

ఇప్పుడు మన కాలానికి రావాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. పాకీపని చేసే ముస్లిం మెహ్తర్ మాత్రం బయటే ఉండిపోయాడు. అప్పటి మన పెద్దలలో చాలామంది, మాలో కులం లేదు అని గట్టిగా చెప్పినవారే. ఆదర్శంగా చెప్పినప్పుడు ఆ మాట నిజం. జనాభా లెక్కగా చెప్పినప్పుడు అబద్ధం. లెక్కగా చెప్పడం వలన నష్టపోయినవాడు చెప్పినవాడు కాదు, మెహ్తర్. 2006లో సచార్ కమిటీ నివేదిక అష్రాఫ్, అజ్లాఫ్, అర్జాల్ అనే మూడంతస్తుల మాట బాహాటంగా రాసినప్పుడు మనలో కొందరికి అది అవమానంగా తోచింది. అవమానం నివేదికలో లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో దూదేకుల లేక నూర్‌బాష్‌లు, మెహ్తర్లు వెనుకబడిన తరగతుల జాబితాలో ముందునుంచీ ఉన్నారు. ముస్లింలందరికీ కలిపి 2004, 2005లలో ఇచ్చిన 5 శాతం రిజర్వేషన్‌ను హైకోర్టు కొట్టివేసింది. ఆపైన పి.ఎస్. కృష్ణన్ నివేదిక ఆధారంగా 2007లో వచ్చిన చట్టం మరో పద్ధతి పట్టింది: 4 శాతం, 14 సమూహాలు. సయ్యద్, మొగల్, పఠాన్, అరబ్, ఇరానీ వంటివారిని పేర్లు చెప్పి మినహాయించారు. లోపల ఉన్నదెవరు? హజాములు, ముస్లిం చాకళ్లు, ఖురేషీ లేక కసాబులు, ఫకీర్లు, అత్తరు సాయిబులు, ఎలుగుబంట్లను ఆడించేవారు, రాళ్లు కొట్టే తురక కాషలు, షేకులు, సిద్దీ లేక హబ్షీలు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దీనినీ కొట్టివేసింది, సర్వే శాస్త్రీయంగా లేదన్నది అందుకు చెప్పిన కారణాలలో ఒకటి. మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీద ఆ తర్వాత అమలు సాగింది.

బరనీ జాబితా 1357 నాటిది. ఈ చట్టం జాబితా 2007 నాటిది. మధ్యన 650 ఏళ్లు. రెండింటిలోనూ మంగలి ఉన్నాడు. మొదటి జాబితాలో ఆయనను కొలువు నుండి వెళ్లగొట్టడానికి రాశారు, రెండో జాబితాలో కళాశాలలోకి రానివ్వడానికి రాశారు. ఈ రెండో జాబితా అవసరమైందంటే, మధ్యలోని కాలమంతా బరనీ మాటే చెల్లిందన్నమాట. మక్బూల్ ఒక్కడు వజీరైనందువలన అది ఆగలేదు. అసలు ఒక్కడు ఎక్కిరావడం ఏ వ్యవస్థకూ పెద్ద ఇబ్బంది కాదు. అతణ్ణి చూపించి మిగతావారిని ఊరుకోబెట్టవచ్చు. నేనే ఈ వ్యాసం మొదట్లో దాదాపు ఆ పనే చేయబోయాను.

హనుమకొండలో ఉర్దూ, తెలుగు కాగితాలు అనువదించి పెట్టమని నా దగ్గరికి వచ్చేవారు ఉంటారు. కొన్నేళ్ల కిందట ఒక పెద్దాయన తన మనవడికి ఇంజనీరింగ్ సీటు కోసం బీసీ-ఇ సర్టిఫికెట్ దరఖాస్తు నింపమని వచ్చాడు. నలభై ఏళ్లు క్షవరం చేసిన చేతులు, వేళ్లు కొంచెం వంకరపోయి ఉన్నాయి. కులం అన్న గడి దగ్గర నేను కలం పెట్టగానే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“అక్కడ హజామ్ అని రాయకండి మౌల్వీ సాబ్. షేక్ అని రాయండి. అది కూడా ఆ లిస్టులో ఉందంట గదా?”

“ఉంది చాచా. ఏది రాసినా అబ్బాయికి వచ్చేది ఒక్కటే.”

“ఒక్కటే అయితే షేక్ అనే రాయండి. రేపు వాడి పెళ్లికి ఎవరైనా ఈ కాగితం చూస్తారేమో.”

షేక్ అనే రాశాను.